బేరిపండూ – కట్టె తుపాకీ

రాజుగారి మొహం బేరిపండులా ఉందని బొమ్మ వేస్తే అది నేరమవుతుందా? నవ్వకండి. 1831 నవంబరులో పారిస్ నగరంలో, నిండు కోర్టులో, ఈ ప్రశ్న మీద నిజంగానే విచారణ జరిగింది. ముద్దాయి షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాయన. అంతకుముందు ఏడాదే 'లా కారికత్యూర్' అని ఒక వారపత్రిక పెట్టాడు. మన పత్రికలాంటిది కాదు లెండి. అందులో వంటలూ, ముగ్గులూ, సీరియళ్లూ ఉండవు. వారం వారం రాజునీ, మంత్రుల్నీ బొమ్మల్లో ఉతికి ఆరెయ్యడమే దాని పని.

ఆ రాజు పేరు లూయీ ఫిలిప్. 1830 జూలైలో జనం తిరగబడి పాత రాజుని తరిమేసి ఈయన్ని కూర్చోబెట్టారు. కొత్తలో గొడుగు చేతబట్టుకుని వీధుల్లో నడుస్తూ 'పౌరుల రాజు' అనిపించుకున్నాడు. గద్దె కుదురుకున్నాక షావుకార్ల కొమ్ము కాశాడు. మనకి తెలియని కథేం కాదు. ఆయన తల పైన సన్నగా, కింద బుగ్గలు జారి బరువుగా ఉండేది. ఫిలిపాన్ కోర్టులోనే కాగితం తీసి వరసగా నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది అచ్చంగా రాజుగారు. రెండోదాంట్లో బుగ్గలు కాస్త జారాయి. మూడోదాంట్లో మనిషి సగం, పండు సగం. నాలుగోది ఒట్టి బేరిపండు. పోలిక ఉండటమే నేరమైతే మొదటిదానితో పాటు నాలుగోదాన్నీ శిక్షించాలి, అప్పుడు దేశంలో ఉన్న బేరిపళ్లన్నిటినీ పట్టుకొచ్చి బోనెక్కించాలి కదా అన్నది ఆయన వాదన. జడ్జీలు మెచ్చలేదు. ఆరు నెలల జైలు, రెండు వేల ఫ్రాంకుల జరిమానా వేశారు. అయితే ఏం, పారిస్ గోడల మీద బొగ్గుముక్క పట్టిన ప్రతి పిల్లవాడూ బేరిపండు గీయడం మొదలెట్టాడు.

ఆ పత్రికలోనే అప్పటికి ఇరవై మూడేళ్ల కుర్రాడొకడు బొమ్మలు వేసేవాడు. పేరు ఓనొరే దోమియే. మార్సెయ్ ఊళ్లో అద్దాల పనివాడి కొడుకు. వాడు రాజుని ఇంత పెద్ద రాక్షసుడిగా వేశాడు. మన బకాసురుడికి బండెడన్నం పంపించినట్టు, బక్కచిక్కిన జనం తట్టల్లో డబ్బు మోసుకుంటూ ఒక పలక ఎక్కి ఆయన నోట్లో పోస్తుంటారు. రాజు కూర్చున్న కుర్చీ కిందినుంచి, కుటుంబ పత్రిక గనక వివరం వదిలేస్తున్నాను, బిరుదులూ ఉద్యోగాలూ ఊడిపడుతుంటే పెద్దమనుషులు ఏరుకుంటుంటారు. 'గార్గాంతువా' అని దాని పేరు. దానికి అతనికీ ఆరు నెలలు పడింది. 1832 ఆగస్టు ఆఖర్న తీసుకెళ్లి సాంత్ పెలజీ జైల్లో పెట్టారు.

ఇంతవరకూ కథ వింటే మనందరం దోమియే పక్షమే. నేనూ అంతే. కానీ నాకొక పేచీ ఉంది. బుగ్గలు జారడం రాజుగారు చేసిన పాపమా? పన్నులు వెయ్యడం ఆయన పని, తిట్టండి. జనాన్ని కాల్పించడం ఆయన పని, దుమ్మెత్తి పొయ్యండి. మొహం ఆయన చేసుకున్నది కాదే!

ఈ పేచీ నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా నారాయణఖేడ్ వైపు (2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా; బీదర్ పక్కనే గనక ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ అన్నీ కలిపి మాట్లాడేస్తాం) మనిషికి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి, ఊరు పెట్టిన పేరు ఇంకొకటి. ఊరి పేరే గట్టిది. కాలు ఈడ్చేవాడు కుంటోడు, రంగు తక్కువది కర్రెది, పొట్టివాడు గిడ్డోడు. ఉత్తరమొస్తే పోస్ట్‌మ్యాన్ అసలు పేరు చదివి తికమక పడతాడు, ఊరి పేరు చెబితే నేరుగా ఇంటికి పోతాడు. ఇదీ కార్టూనే, కాగితం ఖర్చు లేని కార్టూను. ఒక్క గీతలో మనిషిని పట్టేస్తుంది. మా క్లాసులో ఒకమ్మాయికి ముందుపళ్లు ఎత్తుగా ఉండేవి. ఆమెకి పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు మనవలున్నారు. అయినా ఎంత నవ్వొచ్చినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. పళ్లు ఎప్పుడో కట్టించుకుంది, చక్కగా ఉన్నాయి. కొంగు మాత్రం దిగలేదు.

మరి ఆ పిల్ల పళ్లకీ, రాజుగారి బుగ్గలకీ తేడా ఏమిటి? రెండూ పుట్టుకతో వచ్చినవే. చాలారోజులు ఆలోచించాను. రాజు మొహాన్ని వెక్కిరిస్తే ఆయన పోలీసుల్ని పంపగలడు. నాణెం మీద, దర్బారు పటం మీద తన మొహం అందంగా వేయించుకోగలడు కూడా. దేశమంతా చలామణీ అయ్యే మొహం అది. బేరిపండు ఆ నాణేనికి రెండో వైపు అనుకోవచ్చు. ఆ పిల్ల పళ్లు ఏ నాణెం మీదా లేవు, ఆమె తరఫున అడిగే ప్లీడరూ లేడు. అంటే చూడవలసింది మొహాన్నా, ఆ మొహం వెనకున్న అధికారాన్నా? అధికారాన్నే అని నాకు తోస్తుంది. అయినా ఆ పండు బొమ్మ చూసి పారిస్‌లో బుగ్గలు జారిన ఏ కిరాణా కొట్టాయనో అద్దంలో చూసుకుని కుంగిపోయి ఉంటాడేమో! అతను మాత్రం ఏ పన్నూ వెయ్యలేదు.

మొహం జోలికే పోకుండా వెక్కిరించిన వాళ్లూ ఉన్నారు. మా చిన్నప్పుడు పంటల కాలంలో వచ్చేవాడు పిట్టలదొర. లత్కోర్ సాబ్ అని కొందరంటారు, తుపాకి రాముడని ఇంకొందరు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. వాకిట్లో నిలబడి సలాం కొట్టి మొదలుపెట్టేవాడు: "నాకేం తక్కువ దొర్సానీ! ఏడు చెర్ల నీళ్లు నా పొలానికే వస్తయి. ఆ పొలం యాడున్నదో నాకే ఎరుక లేదు. నిన్న కలెక్టర్ సాబు ఇంటికొచ్చిండు, నేను లేనని నేనే చెప్పి పంపిన. చార్మినార్‌కు తాళమేసి వచ్చిన, తాళంచెవి తొవ్వల పడ్డది. పొద్దటిసంది కడుపుల మెతుకు లేదు, జర ఇన్ని జొన్నలు పొయ్యుండ్రి." మేం పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వేవాళ్లం. అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులూ నవ్వేవాళ్లు.

ఇప్పుడు తలుచుకుంటే అతని తెలివి అర్థమవుతుంది. ఆ కోటు ఎవరిది? ఆ తుపాకీ ఎవరిది? లేని పొలానికి ఏడు చెరువుల నీళ్లు పారించుకునే గొప్ప ఎవరిది? దొరదీ, అమీన్‌దీ, జంగ్‌లాత్ సాబుదీ. దోమియే రాజు మొహాన్ని లాక్కొచ్చి పండు చేశాడు. పిట్టలదొర దొర దర్జాని లాక్కొచ్చి తన ఒంటికి తొడుక్కున్నాడు. మొహం తనది, వేషం వాళ్లది. తిట్టింది ఎవర్నయ్యా అంటే నన్నే నేను తిట్టుకున్నానంటాడు. అలాంటివాణ్ని ఏ కోర్టుకి ఈడుస్తారు? అరుగు మీది పెద్దమనిషి తనని అంటున్నాడని తెలిసి నవ్వాడో, తెలియక నవ్వాడో ఇప్పటికీ నాకు సందేహమే. నవ్వి రెండు సోలల జొన్నలు ఎక్కువే పోయించేవాడు. తెల్లారి లెక్కలు మాత్రం ఎప్పటిలాగే రాసుకునేవాడు.

అక్కడే ఇంకో చిక్కుంది. ఈ నవ్వు కుక్కర్ విజిల్ లాంటిదేమో! ఆవిరి కాస్త బయటికి పోవడం వల్లే మూత కదలకుండా ఉంటుంది. జనం నవ్వుకుని ఇంటికి పోతారు, దొర దొరగానే ఉంటాడు. ఈ మాట అనేవాళ్లు తెలివైనవాళ్లే. కానీ కుక్కర్ విజిల్‌కి రాజ్యం ఎందుకు భయపడిందో వాళ్లు చెప్పరు. 1835 జూలైలో లూయీ ఫిలిప్ మీద హత్యాప్రయత్నం జరిగింది. ఆ సందు చూసుకుని సెప్టెంబరులో కొత్త చట్టాలు తెచ్చారు. అక్షరానికి ముందస్తు అనుమతి అడగలేదు, బొమ్మకి అడిగారు! రాసింది అభిప్రాయం, వేసిన బొమ్మ మాత్రం చేత అని వాళ్ల తర్కం. చదువు రానివాడు కూడా బొమ్మని చదివేస్తాడన్నది లోపలి భయం. మనకీ 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు కార్టూను కూడా సెన్సారు కళ్లపడి రావలసివచ్చింది. పెట్టుకున్ననాడు నన్ను కూడా వదలొద్దని నెహ్రూగారు దీవించిన 'శంకర్స్ వీక్లీ' ఆ ఏడాదే మూతపడింది.

సరే, 1835లో పై తలుపు మూశారు. నవ్వు ఆగిందా? చెరువు నిండాక అలుగు పారక తప్పదు. ఎటు పల్లముంటే అటే పారుతుంది. దోమియే అప్పటికి ఫిలిపాన్‌గారి రెండో పత్రిక 'ల షారివారీ'లో ఉన్నాడు. మొదట మోసగాళ్ల మీదా, ప్లీడర్ల మీదా వేశాడు, బాగానే ఉంది. తరువాత నవ్వు ఇళ్లలోకి వచ్చింది. 1839లో ఒక బొమ్మ: మొగుడు చేతిలో పంట్లాం పట్టుకుని మండిపడుతుంటాడు. జార్జ్ శాండ్ నవలలు చదివి ఆడవాళ్లు పంట్లాములు కుట్టడం మానేశారట! జార్జ్ శాండ్ అంటే మగాయన కాదండోయ్, మగపేరుతో రాసిన రచయిత్రి. అక్కడ ఆడవాళ్లు మగపేర్లు పెట్టుకుని రాస్తే, మన దగ్గర నవలలు జోరుగా అమ్ముడైన రోజుల్లో మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆ ముచ్చట ఇంకోసారి.

1844లో ఏకంగా నలభై బొమ్మలు, 'నీలి మేజోళ్లు' అని వరస. రాసే ఆడవాళ్లకి అది ఎగతాళి పేరు. అందులో ఒకటి చూడండి. తల్లి బల్ల ముందు కూర్చుని రచనావేశంలో రాసుకుపోతుంటుంది. వెనక పసివాడు స్నానాల తొట్టిలో తలకిందులుగా పడి కాళ్లు పైకి తేలుతుంటాయి. ఆవిడకి సోయి లేదు. దీన్ని మీరు ఎక్కడో చూసినట్టు లేదూ? చూశారు. యద్దనపూడి, రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచనల సీరియళ్ల కోసం వారపత్రిక ఎప్పుడొస్తుందా అని వీధి గుమ్మంలో నిలబడ్డ కాలంలో మనవాళ్లూ ఇదే వేశారు. ఎసరు పొంగిపోతున్నా, పాలు మాడిపోతున్నా పుస్తకం వదలని ఇల్లాలు. పక్కన మొగుడు గరిటె పట్టుకుని. లేదా ఇల్లాలి చేతిలో అప్పడాలకర్ర, మొగుడి నెత్తిన బొప్పి. ఇప్పుడు ఫోన్లలో పొద్దున్నే గుడ్ మార్నింగు పూల వెనకాలే వస్తుంది ఆ అప్పడాలకర్ర. కట్టుకున్నవాడు నాకే పంపిస్తాడు, నవ్వమని. చెప్పొద్దూ, ఒక్కోసారి నవ్వే వస్తుంది. గీత బాగుంటే నవ్వక ఏం చేస్తాం!

పైకి నవ్వే దారి మూస్తే కిందికి నవ్వుతారు అని నేనొక సూత్రం కట్టుకున్నాను. ఆఫీసులో దొర మీద కోపం ఇంట్లో కంచం మీద చూపించినట్టే. కానీ చరిత్ర నా సూత్రాన్ని సగమే ఒప్పుకుంది. 1848 ఫిబ్రవరిలో లూయీ ఫిలిప్ పారిపోయాడు, సెన్సారు పోయింది, పై తలుపు బార్లా తెరుచుకుంది. దోమియే ఏం వేశాడు? అదే ఏడాది విడాకుల హక్కు అడిగే ఆడవాళ్ల మీద ఆరు బొమ్మలు. 1849లో 'సోషలిస్టు స్త్రీలు' అని పది బొమ్మలు. ఏం, రాజులు కరువయ్యారా? లేదే! లూయీ నెపోలియన్ తరఫు గూండాని 'రాతాపొయ్' అనే పేరుతో అదే రెండు మూడేళ్లలో అద్భుతంగా వేశాడు, బొమ్మ కూడా పోశాడు. ఒకే చేత్తో రెండూ చేశాడన్నమాట. జైలుకి భయపడని మనిషి. స్వేచ్ఛ అన్న మాటకి చలించిపోయే మనిషి. ఆ స్వేచ్ఛ పక్కింటావిడ అడిగేసరికి వింతగా తోచింది. అంటే పల్లం చట్టం తవ్వింది మాత్రమే కాదు, ముందునుంచీ ఇళ్లలో ఉన్నదే.

అలాగని కార్టూన్లే వద్దనడానికి నాకు నోరు రాదు. విశాఖపట్నంలో రాగతి పండరిగారని ఉండేవారు. చిన్నతనంలోనే పోలియో వచ్చింది. ఇల్లు దాటి తిరగడం కష్టమైన ఆ అమ్మాయి కుంచె పట్టుకుని వేలకొద్దీ కార్టూన్లు వేసి తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టు అనిపించుకున్నారు. మొగుడూ పెళ్లాల మీదా వేశారు, నాయకుల మీదా వేశారు. 2015 ఫిబ్రవరిలో పోయారు. వెక్కిరించడం కాళ్లు బాగున్నవాళ్ల హక్కు అనుకునే లోకంలో ఆవిడ లోకాన్నే తిరిగి వెక్కిరించారు. పిట్టలదొర పద్ధతి కాదిది, దోమియే పద్ధతీ కాదు. బొమ్మలో నవ్వులపాలయ్యే జాతి మనిషే గీసే కుర్చీలో కూర్చుంటే అప్పడాలకర్ర బరువు కూడా వేరుగా ఉంటుంది. మన ఇంటి సంగతి మనం అనుకోవడం వేరు, పొరుగువాడు అనడం వేరు, కాదూ?

పెద్దది చేసి చూపడమంటే చిన్నబుచ్చడమే కానక్కర్లేదు కూడా. మన నల్లగొండ వైపునుంచి వచ్చిన పామర్తి శంకర్ నెల్సన్ మండేలా మొహం వేశారు. కారికేచరే, కొలతలన్నీ సాగదీసిందే. ముడతలు ముడతలుగా ఉన్నంతకన్నా ఎక్కువ వేశారు. చూస్తే ఆ ముసలాయన మీద గౌరవం ఇంకాస్త పెరుగుతుంది. 2014లో పోర్చుగల్‌లో జరిగే ప్రపంచ పత్రికా కార్టూన్ల పోటీలో దానికే మొదటి బహుమతి వచ్చింది. గీత అదే, సాగతీతా అదే. చూసే కన్ను వేరు.

మన గురజాడవారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లని చూసి నవ్వుతాం, గిరీశాన్ని చూసి నవ్వుతాం, లుబ్ధావధాన్లని చూసి మరీ నవ్వుతాం. బుచ్చమ్మని చూసి నవ్వుతామా? చిన్నప్పుడే తాడు తెంపుకున్న పిల్ల, గిరీశం చెప్పిందల్లా నమ్మే అమాయకురాలు. నవ్వించాలనుకుంటే ఎంత సులువు! ఆయన ఆ సులువు పని చెయ్యలేదు.

దోమియేకీ ఆ కన్ను లేకపోలేదు, అదే నాకు అంతుబట్టని సంగతి. 1834 ఏప్రిల్‌లో పారిస్‌లో ట్రాన్స్‌నోనేన్ వీధి అనే చోట సైనికులు ఒక ఇంట్లోకి జొరబడి నిద్రలో ఉన్నవాళ్లని చంపేశారు. ఆ గది వేశాడు దోమియే. రాత్రి చొక్కాతో మంచం పక్కన పడి ఉన్న మనిషి, అతని కింద నలిగిపోయిన పసిబిడ్డ. ఎవరి ముక్కూ సాగదీయలేదు, ఎవరి బుగ్గలూ జారలేదు. ప్రభుత్వం ప్రతులు పట్టుకుని, బొమ్మ చెక్కిన రాయిని కూడా లాక్కుంది. పెద్దవాడయ్యాక రంగుల బొమ్మలు వేశాడు. మూడో తరగతి రైలుపెట్టె ఒకటి, బుట్ట ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ, పక్కన పాలిచ్చే తల్లి. మన జహీరాబాద్ ప్యాసింజర్ ఎక్కిన వాళ్లకి ఆ మొహాలు కొత్త కాదు. ఇంకొకటి, 1863 ప్రాంతంలో వేసిన చాకలామె బొమ్మ. సేన్ నది ఒడ్డున ఉతికిన బట్టల మూట చంకన పెట్టుకుని మెట్లెక్కి వస్తుంటుంది. రెండో చేత్తో పిల్లని పట్టుకుని, ఆ పిల్ల చిన్నకాళ్లకి అందేలా వంగి నడిపిస్తుంటుంది. దణ్ణం పెట్టాలనిపించే బొమ్మ.

మూట మోసే తల్లిని అంత మర్యాదగా చూసిన మనిషి, కలం పట్టిన తల్లి దగ్గరికొచ్చేసరికి బిడ్డని తొట్టిలో పడేశాడు. నేను ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. చాకలామె చేతిలో ఏముందో దోమియే శ్రద్ధగా వేశాడు, మూటలో తడిబరువు కూడా తెలుస్తుంది. రెండోదాంట్లో తల్లి ఏం రాస్తోందో మాత్రం కనపడదు. కథో, కవితో, చాకలివాళ్ల పద్దో!